బొగ్గులమంట రెండుమారులు

క్రైస్తవసాహిత్యమున మారినవారి కథలు కొల్లలుగా నున్నవి. త్రాగుబోతు మారెను, జూదరి మారెను, హింసకుడు మారెను. మార్పునకు ముందంతయు చీకటి, వెనుకనంతయు వెలుగు. మన సంఘములలో చెప్పబడు సాక్ష్యములు ఇంచుమించుగ నన్నియు ఈ మూసలో పోసినవే. పాపమంతయు భూతకాలక్రియలలోను, పుణ్యమంతయు వర్తమానకాలక్రియలలోను ఉండును. వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువాడను గావున నాకీ సంగతి ముందుగా కంటబడినది. అయితే మారిన పిమ్మట చెడినవాని మాట యేమి? ప్రార్థన నేర్చిన నోటితోనే బొంకినవాడు, పదిమందికి నీతి చెప్పిన పిదప తానే జారినవాడు, ఏ కాలమున తన కథను చెప్పుకొనవలెను? అట్టివానికి మన సాక్ష్యములలో చోటు లేదు. వాడు సాధారణముగ వెనుకబల్లపై కూర్చుండును. కొన్నాళ్లకు రాక మానును.

ఇట్టివాని కథలలో మొదటిది, నా యభిప్రాయమున నేటికిని మేలైనది, పేతురు కథ. దానిని మతసిద్ధాంతముగా గాక కథగా, అనగా మాటల కూర్పుగా, పరిశీలింపదలచితిని. గ్రీకుభాష నాకు రాదు. నిఘంటువులను ఆంగ్లవ్యాఖ్యలను చేతబట్టుకొని తడవుకొనుచు నడచినవాడను. పొరపాటులున్న నెరిగినవారు దిద్దుదురు గాక.

యేసు పట్టుబడిన రాత్రి ప్రధానయాజకుని ముంగిట జరిగిన సంగతిని నాలుగు సువార్తలును చెప్పినవి. నలుగురు రచయితలును విడువని కథలు తక్కువ; తమ పెద్దకు తలవంపు దెచ్చు నీ కథను నలుగురిలో నొక్కడును దాచకపోవుటయే విశేషము. కాని చెప్పుటలో తేడాలున్నవి. మార్కు చెప్పినది మిక్కిలి కఠినము: అందు పేతురు శపించుకొని ఒట్టుపెట్టుకొనును. మత్తయి, అతని యాసయే అతనిని పట్టి యిచ్చెనని వ్రాసెను. గలిలయవాని పలుకు యెరూషలేములో దాగలేదు. ఎరుగనని బొంకుటకు నోరు తెరచినకొలది తానెవరో బయటపడుచుండెను. లూకా మాత్రము కోడి కూసినపుడు ప్రభువు తిరిగి పేతురువైపు చూచెనని చెప్పినాడు. ఆ చూపు కోపమో, జాలియో, యేమో రచయిత చెప్పలేదు. చెప్పనందుననే అది నేటివరకు చదువరులను వెన్నాడుచున్నది.

యోహాను సువార్తలో రెండు వివరములు గమనింపదగినవి. మూడవమారు పేతురును ప్రశ్నించినవాడు, తోటలో పేతురు ఎవని చెవి నరికెనో వాని చుట్టము. అనగా ఆ రాత్రి పేతురు చూపిన ఒకేయొక ధైర్యము అతనిపై సాక్షిగా వచ్చి నిలిచినది. రెండవది చలిమంట. బంట్రౌతులు మంట వేసికొని చలి కాచుకొనుచుండిరి. పేతురును వారితో నిలిచి కాచుకొనుచుండెను. ఇట్టి చిన్న సంగతిని రచయిత ఒకసారి చెప్పి యూరకుండక మరల చెప్పును. నేనేండ్ల తరబడి తెలుగు బైబిలులో ఈ ఘట్టమును చదివితిని. మంట యొక మంటగానే తోచెను. ఒకప్పుడు పై తరగతికి ఆంగ్లము చెప్పుచు, 1611లో వెలువడిన ఆంగ్లానువాదమును తిరుగవేయగా, ఇచ్చటి మంటయు, కడపటి అధ్యాయమున సరస్సు ఒడ్డున నున్న మంటయు నొకే పదబంధముతో చెప్పబడియుండుట కంటబడెను. మూలమునను అంతేయట. బొగ్గులమంట యని యర్థమిచ్చు ఆ గ్రీకుపదము క్రొత్తనిబంధన మొత్తమున ఈ రెండుచోట్లనే వచ్చునని నిఘంటువు చెప్పినది. మన తెలుగు అనువాదకులు మొదటిచోట మంట యనియు, రెండవచోట నిప్పులనియు వ్రాసిరి. రెండును మంచి తెలుగుమాటలే. కాని రచయిత వేసిన ముడి తెగిపోయినది. పేతురు ఏ సెగ ప్రక్కన నిలిచి బొంకెనో ఆ సెగ ప్రక్కకే పిలువబడెనని తెలుగు చదువరికి తెలియదు.

ఇందులకు మన అనువాదకులను నిందించుట న్యాయము కాదు. వేరొకచోట వారు ఆంగ్లేయులకంటె మేలుచేసిరి. మనస్సు తిరుగుటను వారు మారుమనస్సు అనిరి. యూదాకు కలిగిన దుఃఖమును పశ్చాత్తాపమనిరి. మూలమునను అవి రెండు వేర్వేరు పదములు. ఆ ఆంగ్లానువాదమున రెండింటికిని ఒకే మాట వాడుటచే భేదము మాసిపోయినది. పశ్చాత్తాపమనగా పిదప కలుగు తాపము. అది వెనుకకు చూచును, కాలును, కాలుటతోనే దాని పని ముగియవచ్చును. మారుమనస్సు ముందుకు చూచును. అయితే మాటను బట్టి మాత్రమే తీర్పు చేయరాదు. తండ్రి తోటకు పోనని చెప్పి పిదప మనసు మార్చుకొని పోయిన కుమారుని ఉపమానమునందు, యూదా విషయమున వచ్చిన గ్రీకుపదమే మంచి యర్థమున వచ్చినదట. పదము దారి చూపును గాని, గమ్యము చేర్చదు. కథనే చూడవలెను.

కథను చూచినచో మరింత చిక్కున్నది. మత్తయి చెప్పినట్లు, యూదా దుఃఖపడెను. తాను పాపము చేసితినని నోట ఒప్పుకొనెను. పుచ్చుకొన్న ముప్పది వెండినాణెములను తిరిగి యిచ్చెను. దుఃఖము, ఒప్పుకోలు, ప్రతిక్రియ: రోమను సంఘము తరువాతికాలమున ప్రాయశ్చిత్తమునకు చెప్పిన మూడంగములును అందున్నవి. పేతురో, బయటికి పోయి యేడ్చెను. అంతే. ఎవరియెదుటను ఒప్పుకొన్నట్లు లేదు. దిద్దుకొనుటకు మరల ముంగిటికి పోయి, ఎరుగుదునని చెప్పినట్లును లేదు. లెక్కకు యూదాయే మెరుగు. మరి ఒకడు ఉరిత్రాటికి, ఒకడు సరస్సు ఒడ్డునకు ఎట్లు చేరిరి?

పేతురు కన్నీరు నిజమైనది, యూదా కన్నీరు కల్ల యని కొందరు బోధకులు చెప్పుట విన్నాను. గ్రంథమున అట్లు లేదు. యూదా దుఃఖమును రచయిత శంకింపలేదు. నాకు కనబడు తేడా వేరు. యూదా తన పాపమును తీసికొని ఎవరియొద్దకు పోయెను? తన్ను కొన్నవారి యొద్దకు. వారు అది మాకేమి, నీవే చూచుకొనుమని తోసివేసిరి. పేతురు తనతోటి చేపలవారిలోనికి పోయెను. వారేమనిరో గ్రంథము చెప్పదు గాని, తలుపు మూయలేదు. సమాధి యొద్దకు పరుగెత్తునప్పటికి అతడు మరల వారిలో నొకడై యున్నాడు. రాత్రి చేపలు పట్టబోవుచున్నానని అతడనగానే తక్కినవారు, మేమును వచ్చెదమనిరి. ఆ యొక్కమాటను వ్యాఖ్యాతలు సామాన్యముగ దాటిపోవుదురు. నాకది చిన్నమాటగా తోచదు.

పడినవానికి తలుపు తెరచుట సంఘమునకు ఎన్నడును సులభము కాలేదు. 250వ సంవత్సరమున రోమను చక్రవర్తి డేసియసు ప్రజలెల్లరు దేవతలకు బలియిచ్చి పత్రము పొందవలెనని శాసింపగా, క్రైస్తవులనేకులు లొంగిరి. కొందరు బలియీయకయే పత్రమును కొనిరి. అట్టి పత్రములు నలుబదికి పైగా ఐగుప్తుదేశపు ఇసుకలో దొరకినవి. పీడ తగ్గిన పిమ్మట, లొంగినవారిని మరల చేర్చుకొనవలెనా యని తగవు పుట్టెను. రోములో నొవేషియను వలదనెను. కార్తేజి బిషప్పు సిప్రియను, తగిన తపస్సు పిమ్మట చేర్చుకొనవచ్చుననెను. ఈ సిప్రియను పీడకాలమున దాగి యుండి, అందుకై నిందపడినవాడు. తరువాత 258లో తల యిచ్చినవాడు. మన మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున, పాపమును చెప్పుకొనుటచేతను, అనుతాపముచేతను, తపస్సుచేతను పాపి విడివడునని చెప్పుచు, శుద్ధిచేసికొనినవానిని ఎన్నడును ఏవగించుకొనరాదని వేరుగ నొక విధి చేసినది. అట్టి విధి అవసరమైనదనగా, ప్రాయశ్చిత్తము చేసికొనినవానిని సయితము లోకము ఏవగించుకొనుచుండెననియే గదా!

ఆ ఏవగింపును, నేను చదివిన నవలలలో, జపాను రచయిత షుసాకు ఎండో 1966లో ప్రకటించిన ‘మౌనము’ను మించి చూపినది లేదు. 1969లో వచ్చిన ఆంగ్లానువాదము ద్వారా నేను దానినెరుగుదును. 2016లో అది చలనచిత్రముగను వచ్చినది. పదునేడవ శతాబ్దిలో జపానునందు క్రైస్తవులను పట్టి, క్రీస్తు ప్రతిమపై కాలు మోపుమని నిర్బంధించుచుండిరి. మోపినవాడు బ్రతుకును. ఫెరేరా యను పోర్చుగీసు పాదిరి 1633లో చిత్రహింసకు లొంగి మతము విడుచుట చరిత్ర. ఆ వార్త నిజమో కాదో తెలిసికొనుటకు వచ్చిన రోడ్రిగెస్ అను యువపాదిరి నవలలో నాయకుడు. కాని నా మనస్సు పట్టినవాడు నాయకుడు గాడు. కిచిజిరో యను చేపలవాడు. కిచిజిరో ప్రతిమను త్రొక్కును, ఏడ్చుచు వచ్చి పాపము నొప్పుకొనును, మరల పట్టుబడిన, మరల త్రొక్కును, పాదిరిని పట్టియిచ్చును, చెర యొద్దకు వచ్చి మరల క్షమాపణ వేడును. బలహీనుడుగా పుట్టిన తాను శాంతికాలమున పుట్టియుండిన మంచి క్రైస్తవుడై చచ్చియుండునని వాని మొర. పాదిరి విధిచొప్పున పాపవిమోచనము పలుకును; లోలోపల వానిని చూచి రోయును. కడపట, గోతిలో తలక్రిందుగా వ్రేలాడదీయబడిన పేదరైతుల మూలుగులు విని, వారిని విడిపించుటకు పాదిరియే ప్రతిమపై కాలు మోపును. దూరమున కోడి కూయును.

ఆ కోడికూత రచయిత అతిగా వేసిన రంగని ఒక విమర్శ కలదు. నాకట్లు తోచదు. రోడ్రిగెస్ అంతవరకు తన్ను క్రీస్తుతోను, కిచిజిరోను యూదాతోను పోల్చుకొనుచు వచ్చినాడు. కోడి కూసిన క్షణమున తాను పేతురనియు, తానింతకాలము రోసినవాడును పేతురేననియు అతనికి తెలియును. అయితే ఎండో కథకు సరస్సు ఒడ్డు లేదు. నవల చివర నొక యధికారి దినచర్య యున్నది. మిక్కిలి పొడిగా వ్రాయబడినది. పాదిరి జపాను పేరు పెట్టుకొని, అడిగినపుడెల్ల మతమును విడిచితినని వ్రాసి యిచ్చుచు ముసలివాడగును. కిచిజిరో యొద్ద మాత్రము దాచిన క్రైస్తవచిహ్నమొకటి పట్టుబడును. ఆ యింట విశ్వాసము ఎవరియొద్ద మిగిలినదో చదువరియే యూహించుకొనవలెను.

ఇక ఆ ఒడ్డు. యోహాను సువార్త కడపటి అధ్యాయము తరువాత చేర్చబడినదని పండితులనేకుల మతము. చేర్చినవాడెవడైనను కథ తెలిసినవాడు. రాత్రియంతయు వలలు వేసిన ఏమియు పడలేదు. తెల్లవారుజామున ఒడ్డున నిలిచినవాని మాటపై వల వేయగా నూట యేబదిమూడు చేపలు పడెను. ఆయన ప్రభువని వినగానే పేతురు పైబట్ట బిగించుకొని నీటిలో దుమికెను. ఈ దుముకును లూకా సువార్త అయిదవ అధ్యాయముతో కలిపి చదువవలెను. అక్కడను వలనిండ చేపలే; అక్కడ పేతురు తాను పాపాత్ముడనని, తన్ను విడిచి పొమ్మని ప్రభువును వేడెను. ఇంకను ఏ పెద్దతప్పును చేయకముందు పొమ్మన్నవాడు, ముమ్మారు బొంకిన పిమ్మట ఈదుకొనుచు దగ్గరకు వచ్చినాడు. రెండు వేరువేరు గ్రంథములు. ఒకరినొకరు చూచి వ్రాసిరని నేననను. అయినను చదువరి మనస్సున అవి యొకదానినొకటి పలుకరించుకొనక మానవు.

ఒడ్డున బొగ్గులమంట, దానిమీద చేపలు, రొట్టె. ముందు భోజనము. అది యయిన పిదపనే ప్రశ్న. అడుగునప్పుడు పేతురను పేరు వాడడు. రాయి యని యర్థమిచ్చు ఆ బిరుదును ప్రక్కనబెట్టి, తండ్రిపేరుతో సీమోను అని, శిష్యుడు కాకమునుపటి పేరుతో పిలుచును. తన్ను ప్రేమించుచున్నావా యని ముమ్మారు అడుగును. మూలమున మొదటి రెండు ప్రశ్నలలో నొక క్రియయు, మూడవదానిలోను పేతురు ప్రత్యుత్తరములలోను వేరొక క్రియయు వాడబడెననియు, ఒకటి దివ్యమైన ప్రేమ, రెండవది సామాన్యమైన స్నేహమనియు ప్రసంగములలో విరివిగా చెప్పుదురు. ఆ సువార్తలోనే యితరత్ర ఆ రెండు క్రియలును ఒకదానికి మారుగా నొకటి వచ్చునని పండితులు చూపినారు. శబ్దభేదముపై మేడ కట్టుట మావంటి సంస్కృతపాఠకులకు పాత జబ్బు. ఇచ్చట దాని యవసరము లేదు. మూడవమారు అడిగినందున పేతురు నొచ్చుకొనెనని గ్రంథమే చెప్పుచున్నది. నొచ్చుకొనుటకు కారణము క్రియాభేదము గాదు, లెక్క. మూడు అను సంఖ్య అతనికి తెలియును.

విమర్శకుడుగా నాకు మిక్కిలి వింతగొలుపునది ఆ సంభాషణలో లేనిది. ఆ రాత్రి ప్రసంగమే లేదు. బొంకు అనుమాట లేదు. క్షమించితిననుమాటయు లేదు. ప్రతి ప్రత్యుత్తరమునకును ఒక పని యొప్పగించబడును: గొఱ్ఱెపిల్లలను మేపవలెను, గొఱ్ఱెలను కాయవలెను.

ఈ ఘట్టమును నేనింతగా పట్టుకొని చదువుటకు కారణము సాహిత్యాభిలాష మాత్రమే కాదు. పదునైదేండ్ల క్రిందట ఒక పాఠశాలలో పరీక్షరుసుముల సొమ్ము నా చేతిలో నుండెను. ఇంట జబ్బువేళ అందుండి కొంత వాడుకొంటిని, గడువులోగా పెట్టవచ్చునని. లెక్క అనుకొన్న దినమునకు ముందే అడిగిరి. బీరువా తాళపుచెవి మరియొకటి అటెండరు నొద్ద నుండెను. అనుమానము ఆయనమీదకు పోయినది. నేను నోరు మెదపలేదు. నాలుగుదినములలో సొమ్ము తెచ్చి, లెక్కలో పొరపాటనిపించితిని; సొమ్ము సరిపోయెను గాని ఆయనమీది అనుమానము పోలేదు. దూరపు మండలమునకు బదిలీచేసిరి. నేను ఆదివారములందు పిల్లలకు వాక్యము చెప్పుట మానలేదు. మానిన కారణము చెప్పవలసి వచ్చును గదా! ప్రార్థనకు నోరు తెరచిన నా గొంతు నాకే పరాయిదిగా వినబడెడిది. రాత్రులు ఏడ్చిన మాట నిజము. ఏడ్పువలన నేమియు జరుగలేదు. ఏడ్చినవాడనని లోలోపల కొంత గర్వము సయితము పెరుగజొచ్చెను.

రెండేండ్లకు ఆయన యూరు వెదకికొని పోయితిని. వాకిట మంచముపై కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చినారు. చెప్పవలసినది చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “అప్పుడే తెలుసు మాస్టారూ. మీరు నా మొహం చూడ్డం మానేశారు గదా” అనిరి. పిదప లోపలికి పోయి కూతురి హాస్టలు దరఖాస్తు తెచ్చి, “ఎలాగూ వచ్చారు, ఇది కాస్త నింపిపెట్టండి” అనిరి. నింపితిని. చేయి వణకి ఒక గడిలో తప్పువ్రాసి కొట్టివేసితిని. క్షమించితినని ఆయన అనలేదు. నేనును మరల అడుగలేదు. మరుసటి వారము పైవారికి నిజము వ్రాసి పంపితిని. దాని ఫలము నాకు దక్కినది. అది యిచ్చట ప్రస్తుతము గాదు. ఆ దరఖాస్తు మడచి యిచ్చి బస్సెక్కిన సాయంకాలమే, కంఠస్థమైన ఆ సరస్సుఘట్టములో క్షమ యనుమాట లేదని మొదటిసారి గమనించితిని.

పేతురు ఆ యుదయమున పూర్తిగ బాగుపడినాడని గ్రంథము చెప్పకపోవుట దాని గొప్పతనము. పని యొప్పగించుకొన్న మరుక్షణమున వెనుదిరిగి, వెంట వచ్చుచున్న యింకొక శిష్యుని చూపి, వీని సంగతి యేమని అడుగును. అతని సంగతి నీకేల యని మందలింపబడును. పెద్దబడికి పోవు బాలుడు ప్రక్కవాని మార్కులడిగినట్లున్నది! తరువాత అంతియొకయలో అతడు యూదేతరులతో కలిసి భుజించుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి ప్రక్కకు తొలగెను. పౌలు అతనిని ముఖముననే ఎదిర్చితినని గలతీయులకు వ్రాసిన లేఖలో చెప్పుకొన్నాడు. ముంగిట దాసి కన్నులకు జడిసినవాడు, పంక్తిలో పెద్దల కన్నులకు జడిసినాడు. రోగము అదియే, ఈమారు సాధించి చెప్పు తోటివాడు దగ్గర నున్నాడు.

కట్టకడపట నొక ప్రశ్న. ఆ ముంగిటి కథను లోకమునకు చెప్పినదెవరు? యోహాను సువార్త పేర్కొన్న పేరులేని శిష్యుడొకడు తప్ప శిష్యులలో మరెవ్వరును ఆ మంట దరిదాపుల లేరు. రెండవ శతాబ్ది మొదటిభాగమున పాపియసు అను బిషప్పు, పేతురు చెప్పుచుండగా వినిన సంగతులనే మార్కు వ్రాసెనని చెప్పినట్లు చరిత్రకారుడు యూసీబియసు భద్రపరచినాడు. దానిని ఒప్పుకొననివారును ఉన్నారు. ఒప్పుకొన్నచో, శాపనార్థములును ఒట్లును గల ఆ కఠినమైన కథనము శత్రువు వ్రాతగాదు, పేతురే కూటములలో పలుమారు చెప్పుకొన్నది. ఆ మార్కు సువార్తలో ప్రభువు చూపును లేదు, ఒడ్డున మంటయు లేదు. ఖాళీసమాధిలో కూర్చున్న తెల్లనియంగీ పడుచువాడు, శిష్యులకు ఈ వార్త చెప్పుడని స్త్రీలతో ననుచు, పేతురునకును చెప్పుడని పేరెత్తి చేర్చును. నాలుగవ శతాబ్దినాటి రెండు ప్రాచీనప్రతులలో, దాని తరువాత నొక్క వచనముతో ఆ గ్రంథము ముగియుచున్నది.